రక్తం సరే.. ఇనుము లెక్క ఎవరు చూస్తారు?

నెలనెలా రక్తం ఎక్కిస్తేనే బతుకు. తలసేమియా మేజర్ ఉన్న పిల్లల పరిస్థితి ఇదీ. బరంపురం కావచ్చు, బళ్లారి కావచ్చు, యానాం నుంచి కాకినాడ బస్సెక్కే కుటుంబం కావచ్చు.. కన్నవారి ఆరాటమంతా ఈ నెల రక్తం దొరుకుతుందా లేదా అనే. ఆ రక్తంతో పాటు ఒంట్లోకి వెళ్లే ఇనుము సంగతి మాత్రం వెనకబడిపోతోంది.

ఒక్క యూనిట్ రక్తంలో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించి బయటకు పంపే దారి మన శరీరానికి లేదు. నెలకు రెండు యూనిట్లు ఎక్కించుకునే వ్యక్తికి లెక్క వేయండి. ఏడాదికి 24 యూనిట్లు.. తక్కువలో తక్కువ 4,800 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషి ఒంట్లో ఉండే మొత్తం ఇనుమే మూడు నాలుగు గ్రాములు! అదంతా ముందు కాలేయంలో పేరుకుంటుంది. ఆపై గుండెకు, హార్మోన్ల గ్రంథులకు పాకుతుంది. తోటకూర మాన్పిస్తే చాలనుకుంటారు కొందరు. రక్తంతో వచ్చేదాని ముందు కూరలో ఇనుము ఏపాటి?

తోడేసే మందులు లేకపోలేదు. డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ బిళ్లలు, చర్మం కింద పంపుతో ఎక్కించే డెస్ఫెరియాక్సమిన్ ఉన్నాయి. మరి మోతాదు ఎంత? చిక్కంతా ఇక్కడే. చాలాచోట్ల ఫెరిటిన్ అనే రక్తపరీక్ష ఒక్కదాన్నే నమ్ముకుంటున్నారు. అది చవక, చిన్న పట్నంలోనూ అవుతుంది. మానేయాల్సిన పరీక్షేమీ కాదు. కానీ జ్వరమొచ్చినా, కాలేయం వాచినా ఆ అంకె ఎగబాకుతుంది. సికిల్ సెల్ రోగుల్లో మరీ తికమక పెడుతుంది.

అయస్కాంతం చెప్పే లెక్క

ఒకప్పుడు అసలు లెక్క తేలాలంటే సూది గుచ్చి కాలేయం ముక్క తీయాల్సి వచ్చేది. ఇప్పుడు ఎంఆర్‌ఐ ఉంది. ఇనుము ఉన్నచోట యంత్రానికి అందే సంకేతం త్వరగా మసకబారుతుంది. ఎంత ఎక్కువ ఇనుముంటే అంత త్వరగా. ఆ వేగాన్నిబట్టి ఎండు కాలేయం గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములుందో లెక్కకడతారు. సూది లేదు, రేడియేషన్ లేదు. ఇలా కొలిచే ఒక పద్ధతికి అమెరికాలో 2005లోనే అనుమతి వచ్చింది.

గ్రాముకు 1.8 మిల్లీగ్రాముల వరకూ మామూలే. 7 దాటితే ముప్పు, 15 దాటితే తీవ్రం. అంకె బాగా తగ్గినా చూసుకోవాల్సిందే. ఇనుము లేనిచోట అదే మోతాదు సాగిస్తే మందే కిడ్నీలకో, వినికిడికో చేటు చేస్తుంది. ఇంకో మెలిక.. కాలేయం శుభ్రంగా ఉన్నా గుండెలో ఇనుము దాగి ఉండొచ్చు. టీ2 స్టార్ అనే కొలత గుండెలో 20 మిల్లీసెకన్ల కంటే తక్కువుంటే ఇనుము చేరినట్టు, 10 లోపైతే ప్రమాద ఘంటిక. అందుకే రెండూ కలిపి తీయించడం మేలు.

యంత్రం ఉంది.. పరీక్షే లేదు

ఎంఆర్‌ఐ యంత్రాలు ఇప్పుడు జిల్లా కేంద్రాలకూ వచ్చేశాయి. ఇనుము కొలిచే సాఫ్ట్‌వేర్, చదవగలిగిన రేడియాలజిస్టు మాత్రం రాయవెల్లూరు లాంటి పెద్ద ఆసుపత్రులకు వెళితేనే దొరుకుతున్నారు. ఖర్చు సంగతి సరేసరి. ఆయుష్మాన్ కార్డు ఆ పథకం అమలయ్యే ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది, నిజమే. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన వారికి. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే స్కానింగుకు డబ్బు జేబులోంచే పోతుంది.

తలసేమియా, సికిల్ సెల్‌లను 2016 చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. 2023 జూలైలో మొదలైన సికిల్ సెల్ మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించాలని లక్ష్యం పెట్టుకుంది. రోగిని గుర్తించడం మంచిదే. ఏళ్లుగా రక్తం ఎక్కించుకుంటున్నవారి మాటేమిటి? ఏడాదికోసారి ఇనుము స్కానింగును ఓపీ కిందే ఉచిత ప్యాకేజీగా చేరిస్తే, సిరొంచ నుంచి నాగపూర్‌కు పోయే కుటుంబానికి కనీసం పరీక్ష ఖర్చయినా మిగులుతుంది. కొత్త యంత్రాలు కొనాల్సిన పని లేదు, ఉన్నవాటికే హంగులు చేర్చాలి.

అప్పటిదాకా తల్లిదండ్రులు ఒకటి గుర్తుంచుకోవాలి. మామూలు కడుపు ఎంఆర్‌ఐలో ఈ అంకె రాదు. బుక్ చేసేముందే 'ఇనుము కొలిచే టీ2 స్టార్ చేస్తారా?' అని అడగండి. పద్ధతి మారితే అంకెలు పోల్చడం కష్టం కాబట్టి, ఏటా ఒకేచోట తీయించి పాత రిపోర్టు వెంట పట్టుకెళ్లండి.