కాడిలాక్ రెక్కలు, మన జహేజ్ కార్లు

మొన్న జనగామలో ఒక నికాహ్‌కు పోయాను. అబ్బాయి వాళ్లది భూపాలపల్లి, అమ్మాయి వాళ్లది మహబూబాబాద్. షాదీఖానా గేటు ముందు పూలదండలు వేసిన కొత్త కారు. కాజీ సాహెబ్ ఖుత్బా చదువుతుంటే సగం మంది ఆ కారు చుట్టూనే ఉన్నారు. నేనూ దాని పక్కన నిలబడి ఫొటో దిగాను.

అమ్మాయి అబ్బా రియాద్‌లో పన్నెండేళ్లు డ్రైవర్‌గా చేశారు. కఫీల్ బండి కాడిలాక్. "భాయ్, ఇన్నేళ్లు పరాయి కాడిలాక్ తుడిచిన. ఇప్పుడు దామాద్ కారు కోసం అరెకరం అమ్మిన" అన్నారు నవ్వుతూనే. ఆ నవ్వు చూశాక నాకు బిర్యానీ సహించలేదు.

ఆ కాడిలాక్ తారీఖ్‌లో రెండు ముఖాలున్నాయి. 1902లో డెట్రాయిట్‌లో హెన్రీ లీలాండ్ మొదలుపెట్టిన కంపెనీ అది. 1908లో ఇంగ్లండ్‌లో మూడు కార్లు విప్పి, పుర్జాలన్నీ కలిపేసి, మళ్లీ బిగించి 500 మైళ్లు నడిపి చూపారు. ఒకదాని పుర్జా ఇంకోదానికి సరిపోయింది. 1912 మోడల్‌లో ఎలక్ట్రిక్ స్టార్టర్ తెచ్చారు. అంతకుముందు ఇంజన్ కోసం ముందు హ్యాండిల్ తిప్పాల్సి వచ్చేది. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. ఇది హునర్.

రెండో ముఖం 1948ది. డిజైనర్ హార్లీ ఎర్ల్ బృందం పి-38 యుద్ధ విమానాన్ని చూసి కారు వెనక చిన్న రెక్కలు పెట్టింది. 1959కల్లా అవి బాగా పెరిగిపోయాయి. వాటితో కారుకు ఒరిగిందేమీ లేదు. ఏటా రూపు మారిస్తే నిరుటి కారు పాతదనిపిస్తుంది, జనం మళ్లీ కొంటారు. అదే ధందా. ఇది దిఖావా. కొన్నేళ్లకు ఆ రెక్కలూ పోయాయి.

జహేజ్ కారు కూడా నికాహ్‌కు అతికించిన రెక్కే. ఈజాబ్, ఖుబూల్, గవాహులు, మెహర్ ఉంటే నికాహ్ అయిపోతుంది. పైగా మెహర్ ఇవ్వాల్సింది అబ్బాయి. మనం లెక్క తిరగేశాం. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది, అదీ పట్టించుకోం. "మేం అడగలేదు, ఖుషీతో ఇచ్చారు" అంటాం. ఖుషీతో భూమి అమ్ముకునే బాప్ ఎవరండీ?

కారు హరామ్ అనడం లేదు. కావాలంటే అబ్బాయి తన కమాయితో కొనుక్కోవాలి. కొడుకులున్న అమ్మీ అబ్బాలకు నా గుజారిష్ ఒక్కటే: రిష్తా మాట్లాడే రోజే "కారు వద్దు" అని నోరు తెరిచి చెప్పండి. చెప్పకుండా ఊరుకుంటే అడిగినట్టే.