క్రొత్త బండికి మొదటి వేయి కిలోమీటర్లు

ఆళ్లగడ్డ ప్రాంతమున మోటారు సైకిలు కొనుట యొకప్పుడు వింత. నేడది విలాసవస్తువు గాక సంసారమునకు గావలసిన పనిముట్టైనది. పాలక్యానులను మోయునదియు, ఎరువు బస్తాను చేనికి జేర్చునదియు నదియే. 2022వ సంవత్సరమున నంద్యాల ప్రత్యేక జిల్లా యైనది మొదలు, జిల్లా కచేరీ పనులకై సుమారు 40 కిలోమీటర్ల దూరము పోయి వచ్చుటకును జనులు దానినే నమ్ముకొనుచున్నారు. రొక్కమిచ్చి కొనువారు కొందరే. తక్కినవారు రెండు మూడేండ్ల వాయిదాలపై దెచ్చుకొనుచున్నారు. వాయిదాలు తీరకమునుపే పొగగొట్టము నుండి నీలిపొగ వెడలనారంభించినచో, ఒకవైపు అప్పును మరియొకవైపు మరమ్మతును ఆ సంసారము భరింపవలసియుండును. ఈ కష్టమునకు బీజము మొదటి వేయి కిలోమీటర్లలోనే పడవచ్చుననియు, దానిని నివారించుట ఖర్చులేని పనియనియు మా యభిప్రాయము.

క్రొత్త బండి యింటికి వచ్చిన నాడు మనవారు నడచుకొను తెరగులు రెండు కనబడుచున్నవి. కొందరు పూలదండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, ఆ దినముననే ముగ్గురెక్కి యెగువ అహోబిలమునకు బయలుదేరుదురు. దిగువ అహోబిలము దాటిన పిమ్మట కొండదారిలో ఆ లేత యింజను పడు శ్రమ వారికి దెలియదు. (ముగ్గురెక్కుట చట్టవిరుద్ధమను మాట వేరుగా జెప్పనక్కరలేదు.) మరికొందరు దానిని పురిటిబిడ్డను వలె జూచుకొని, టాపు గేరులో ముప్పది కిలోమీటర్ల వేగము మీఱక, నెలదినములు ఈడ్చుకొని పోవుదురు. మొదటివారిని అందఱు నిందింతురు. రెండవవారిని అందఱు మెచ్చుకొందురు. మేము మాత్ర మిరువురిని సమముగా దప్పుపట్టుచున్నాము.

కారణమును వినుడు. సిలిండరు లోపలి గోడ కంటికి అద్దము వలె దోచునుగాని అట్టిది గాదు. కర్మాగారమున దానిని సానఱాళ్లతో నొరసి, ఒకదాని నొకటి ఖండించు సన్నని గీతలను బుద్ధిపూర్వకముగానే యేర్పఱతురు. ఆ గీతలలో నూనె నిలుచును. గీతల నడుమనున్న అతిసూక్ష్మమైన మిట్టలు పిస్టను రింగుల యొరపిడిచే నరిగి, రింగునకు గోడయు, గోడకు రింగును సరిపడవలెను. మన యూరి శిల్పి ఉలిపని ముగిసిన పిదప విగ్రహమును ఱాతితో రుద్ది నునుపుచేయుట మీలో పెక్కండ్రు చూచియే యుందురు. ఇంజనులో నా కడపటి రుద్దుడు పనిని కర్మాగారమువారు కొనినవాని చేతికే విడిచిపెట్టినారు! మెకానిక్కులు ‘ఇంజను సెట్టగుట’ యని చెప్పున దిదియే.

ఇందు ముఖ్యమైన సంగతి యొకటి గలదు. రింగును గోడకు గట్టిగా నదుమునది దాని స్వంత బిగువు మాత్రమే గాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టు వాయువు రింగు వెనుకకు జొచ్చి దానిని బయటికి నెట్టును. బండిని సదా మెల్లగా నడిపినచో నా యొత్తిడి చాలదు. మిట్టలు సరిగా నరుగవు. గోడపై నూనె కాలి గట్టిపడి, నున్నని పూతగా నేర్పడును. అటుపిమ్మట నా గీతలు నూనెను నిలుపజాలవు, రింగులు కుదురుకొనవు, నూనె పైకెక్కి మండును. మితిమీఱిన జాగ్రత్త వలన గూడ నీలిపొగ రాగల దనుటకు కారణ మిదియే.

అట్లని తొలినాడే ఆక్సిలరేటరును చివరిదాక త్రిప్పుట మంచిదని యెవరును భావింపరాదు. క్రొత్త యింజనులో నొరపిడి యెక్కువ. కావున వేడియు నెక్కువ. అల్యూమినియపు పిస్టను వేడికి మిక్కిలిగా వ్యాకోచించును. నూనెపొర తెగిన చోట లోహము లోహమును గీఱును. ఒక్కొక్కప్పుడు పిస్టను పట్టుకొని పోవును. గాలిచే జల్లబడు చిన్న యింజనుకు, ఎండ నలుబది డిగ్రీలు దాటు మన వేసవిలో, ఈ యపాయ మధికము.

పూర్వపు యంత్రములకు నియమములు కఠినముగా నుండెను. మద్రాసులో 1955 నుండి తయారైన బుల్లెట్టు బండ్లకు ఇనుప సిలిండరు లుండెడివి. యజమానులు పెక్కు దినములు వానిని నెమ్మదిగానే నడిపెడివారు. మైసూరులో తయారైన జావా వంటి టూ స్ట్రోకు బండ్లకు మొదటి దినములలో పెట్రోలునందు నూనెను కొంచె మధికముగా గలుపుట యాచారము. ఇంగ్లండులో క్రొత్తకారు వెనుక అద్దమునకు ‘ఇంజను క్రొత్తది, దయచేసి దాటిపొండు’ అను నర్థముగల చీటి నంటించుకొనెడివారు. 1985లో హీరో హోండా వారి ఫోర్ స్ట్రోకు బండి వచ్చిన పిదప మన పల్లెలలో బండ్ల రకము మారినది. లోహమును మలచు నేర్పును పెరిగినది. నేటి యింజనుకు నాటి యంత కఠిన నియమము అక్కఱలేదు. అయినను నియమమే అక్కఱలేదనుట తొందరపాటు.

పందెములలో బండ్లు నడుపువారు మొదటినుండియే వేగముగా దోలుదురుగదా యని యువకులు మాతో వాదింతురు. నిజమే, వారిలో కొందరట్లు చేయుదురు. కాని పందెపు టింజనును మాటిమాటికి విప్పి క్రొత్త రింగులు వేయుదురు. వాయిదాలు గట్టు రైతున కా భాగ్యము లేదు.

మఱి యెట్లు నడుపవలెను? వేగమును మార్చుచు నడుపవలెను. మన రాజమార్గము సమతలముగా నుండుటచే, నంద్యాల వఱకు నొకే వేగమున బోవ మనసు పుట్టును; అది తగదు. కొంతదూరము వేగము హెచ్చించి, ఆక్సిలరేటరు విడిచి బండిని దనంతట మందగింపనిచ్చి, మరల హెచ్చింపవలెను. విడిచినప్పుడు సిలిండరు గోడకు నూనె చక్కగా నందును. బండి గుంజుకొనుచున్నచో వెంటనే గేరు తగ్గింపవలయును. ఇంటి ముంగిట నిలిపి గడియసేపు ఇంజను ఆడించుట వలన వేడిమియే గాని ప్రయోజనము లేదు. కోడెను కాడికి అలవాటు చేయు రైతు దానిని కొట్టములోనే కట్టియుంచడు, మొదటినాడే నిండు బండిని గట్టడు. తేలిక బరువుతో నాలుగు చాళ్లు త్రిప్పును. ఇంజను విషయమున నాతని కీ వివేకమేల మఱపునకు వచ్చునో మాకు దెలియకున్నది.

ఇక నూనెమాట. మొదటి దినములలో నరిగిన లోహపు పొడి నూనెలోనే తిరుగుచుండును. అందులకే మొదటి సర్వీసునకు నూనె మార్చుడని కంపెనీలు కోరుచున్నవి. సాధారణముగా నది 500 మొదలు వేయి కిలోమీటర్ల లోపల వచ్చును. సర్వీసు ఉచితమని విని పోయినవారు, నూనెకు సొమ్మడుగగానే కలహించి తిరిగివచ్చుట గలదు. కూలి మాత్రమే యుచితము. నూనె యుచితము గాదు. చిన్న బండికి బట్టు నూనె సుమారొక లీటరు. అరవై డెబ్బదివేలకు పైబడిన సొత్తునకై కొన్ని వందల రూపాయలకు వెనుకాడుట లెక్కయెఱిగినవారి పని గాదు.

ఏ బండికి ఎన్ని కిలోమీటర్ల వఱకు ఎంత వేగము దగునో బండితో నిచ్చు పుస్తకములో నచ్చువేసియే యుందురు. అది పెక్కిండ్లలో ప్లాస్టికు సంచి విప్పకయే బీరువాకెక్కుచున్నది. ఇచ్చట మా విద్యార్థులకు బనిగలదు. పదునెనిమిదేండ్లు నిండనివారు ఈ బండ్లను నడుపరాదు. 2019 నాటి చట్టసవరణ ప్రకారము, అట్టివానికి బండి యిచ్చిన తండ్రికి 25,000 రూపాయల జుల్మానాయు, మూడేండ్ల వఱకు ఖైదును విధింపవచ్చును. నడుపుటకు వయసు లేకున్నను జదువుటకు గలదు. ఆ పుస్తకమును దెచ్చి, నాయన భోజనమునకు గూర్చున్నప్పుడు తెనుగున వివరించి చెప్పవచ్చును. వేగపు పట్టికను బలపముతో గోడపై వ్రాయవచ్చును.

ఆ పుస్తకములోనే టైరులను గూర్చియు బ్రేకులను గూర్చియు నుండును. దానిని మాత్రము విడువరాదు. క్రొత్త టైరు పైభాగము నునుపుగా నుండి జారును. క్రొత్త బ్రేకులు పూర్తిగా బట్టవు. మలుపులలో బండిని మిక్కిలిగా వాల్పక, ముందుబండికి దూరముగా నుండి, మొదటి రెండు వందల కిలోమీటర్లు ఒంటిగానే తిరిగిన పిమ్మట పిల్లలను వెనుక గూర్చుండబెట్టుకొనుట మేలు.