గృహవిజ్ఞానము: బల్లమీది స్పీకర్లు



కన్నునకు రెప్ప కలదు, చెవికి లేదు. దీపపు వెలుతురు కన్నులకు గ్రుచ్చుకొన్నచో మనము వెంటనే దానిని ప్రక్కకు జరిపెదము. ధ్వని చెవులకు గ్రుచ్చుకొన్నచో మాత్రము ఓర్చుకొందుము. సాయంకాలమునకు తల బరువెక్కినదనియు, అమ్మాయి ఊరక విసుగుకొనుచున్నదనియు అనుకొందుమేగాని, బల్లమీది స్పీకర్లు అందులకు కారణము కావచ్చునని మనకు తోపదు.

పెద్దపల్లి జిల్లాలోని గోదావరిఖని, రామగుండము, యైటింక్లైన్ కాలనీ మొదలగు బొగ్గుగనుల యూళ్లలో నేడు పిల్లలు కంప్యూటరు ముందు గూర్చుండి పాఠములు వినుచున్నారు. స్త్రీలు కొందఱు ఇంటనుండియే యుద్యోగములు చేయుచున్నారు. దినమునకు నాలుగైదు గంటలు వినవలసినవారు స్పీకర్లను ఎట్లు ఏఱుకొనవలెనో, ఎట్లు అమర్చుకొనవలెనో యీ నెల ముచ్చటింతము.

చెవి యేల యలయును?

మన చెవి అన్ని స్థాయిల ధ్వనులను ఒక్కరీతిగా గ్రహింపదు. సెకనుకు 3,000 మొదలు 4,000 వఱకు కంపనములు గల ధ్వని యెంత సన్ననిదైనను దానికి తెలియును. మంద్రధ్వని బలముగా నుండినగాని తెలియదు. 1933వ సంవత్సరమున అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అను నిరువురు శాస్త్రజ్ఞులు చెవియొక్క యీ స్వభావమును కొలతలతో చూపిరి. కొన్ని స్పీకర్లు సరిగా ఈ తావుననే ధ్వనిని హెచ్చించి పలుకును. అంగడిలో అయిదు నిమిషములు విన్నప్పుడు "ఎంత స్పష్టముగా నున్నది!" అనిపించును. ఇంటికి దెచ్చి రెండు గంటలు విన్న పిమ్మట ఎప్పుడు కట్టివేయుదుమా యనిపించును. కారము హెచ్చిన కూర మొదటి ముద్దకు రుచించి, భోజనము ముగియులోపల నోరు మండించినట్లే యిదియును.

గనికార్మికుల యిండ్లలో

మన ప్రాంతమున దీనికి తోడు మఱియొక చిక్కు గలదు. గనులలో డ్రిల్లింగు యంత్రముల రొదలోను, డంపరుల హోరులోను ఏండ్లతరబడి పనిచేసినవారికి వినికిడి సాధారణముగా మొట్టమొదట తగ్గునది 4,000 కంపనముల దాపుననే. హల్లులను వేఱుపఱచి తెలిసికొనుటకు హెచ్చుస్థాయి ధ్వనులే ముఖ్యము. కావున అట్టివారికి ఎదుటివారు మాటాడుట వినబడును గాని, ఏమనిరో తెలియదు. ఇంటి పెద్ద షిఫ్టు ముగించుకొని వచ్చి స్పీకరు పెంచుమనుటయు, ధ్వని పదునుగా నుండినగాని తనకు చాలదనుటయు ఇందువలననే కావచ్చును. ఆ పదునే బల్లయొద్ద చదువుకొను బిడ్డకు శూలమగును.

ఆయనను విసుగుకొనుట తగదు. ఆయనకొఱకని పదునైన స్పీకర్లు కొనుటయు తగదు. వైద్యునిచేత ఆయనకు వినికిడి పరీక్ష చేయింపవలెను. అవసరమైనచో వినికిడి యంత్రము కలదు. బల్లమీది స్పీకర్లను మాత్రము ఆ బల్లయొద్ద గంటలకొలది కూర్చుండువారి చెవినిబట్టియే ఏఱుకొనవలెను.

అంగడిలో పరీక్ష

చిన్న పెట్టెలు హీనమైనవని తలంపవలదు. బి.బి.సి. రేడియో సంస్థ 1970ల దశాబ్దములో, ఇఱుకైన వ్యానులలో కూర్చుండి కార్యక్రమములను వినిచూచు తన సిబ్బందికొఱకు ఎల్.ఎస్.3/5ఏ అను స్పీకరును రూపొందించెను. దాని యెత్తు ఒక్క అడుగు మాత్రమే. మనుష్యకంఠమును సహజముగా వినిపించుటలో అది నేటికిని పేరుపొందియున్నది. మన బల్లకును 4 లేక 5 అంగుళముల శంకువు గల జత చాలును.

కొనునప్పుడు మీ కలవాటైన కంఠములను, పాటలను ఫోనులో వెంట గొనిపొండు. మొదట ఒక స్త్రీ ప్రసంగమును వినుడు. శ, ష, స యను నూష్మాక్షరములు వచ్చినప్పుడు బుసకొట్టినట్లున్నచో ఆ జత మనకు వలదు. పిమ్మట భజన తాళములను వినుడు. అవి గణగణ మ్రోగవలెనుగాని గాజుపెంకులవలె చెవిని గీఱరాదు. పురుషకంఠము కుండలోనుండి పలికినట్లున్నచో మంద్రము హెచ్చినదని యెఱుగుడు. అదియు అలసట గూర్చును. తరువాత ధ్వనిని బాగుగ తగ్గించి వినుడు. రాత్రి షిఫ్టు చేసివచ్చినవారు పగలు నిద్రించు నిండ్లలో, తగ్గించినప్పుడును మాట తెలియు స్పీకరే అక్కఱకు వచ్చును. కడపట పాట నాపి, పెట్టెలోనుండి 'హుస్సు'మను రొద వచ్చుచున్నదేమో చెవియొగ్గి చూడుడు. బల్లమీద దగ్గఱగా కూర్చుండువారికి అది దినమంతయు వినబడును.

హెచ్చుస్థాయిని పలికించు చిన్న భాగమును ట్వీటరందురు. పట్టుగుడ్డ ట్వీటరు మెత్తననియు, లోహపుది పదుననియు వాడుక. అయినను లోహపువానిలోను మృదువైనవి గలవు. పేరు చూచి గాక, అరగంటయైన విని కొనుడు.

ఇంట అమర్చుట

మంచి స్పీకర్లును చెడుగా నుంచినచో చెవిని బాధించును. రెండు పెట్టెల నడిమి దూరమును, ఒక్కొక్కదానికిని మీ తలకును గల దూరమును సమానముగా నుండవలెను; రెండున్నర మూడడుగులు చాలును. ట్వీటరు చెవి యెత్తున నుండవలెను. పెట్టెను బల్లమీద చదునుగా నుంచినచో ధ్వని బల్లకు దగిలి మరలి వచ్చి మాటను మసకపఱచును. క్రింద రెండు లావుపాటి పుస్తకములు పెట్టి, ముఖమును కొంచెము పైకి వంచుడు. వెనుక రంధ్రము గల పెట్టెను గోడకు జానెడైన ఎడముగా నుంచుడు. మూల నుంచినచో మంద్రము గుమగుమలాడును. ఇంకను పదునుగా దోచినచో పెట్టెల ముఖములను చెవులనుండి కొంచెము ప్రక్కకు త్రిప్పుడు. ట్రెబుల్ మీటను ఒకింత తగ్గింపుడు.

మన క్వార్టర్ల స్లాబు కప్పును, సున్నపు గోడలును, నున్నని నేలయు ధ్వనిని మ్రింగక తిరుగగొట్టును. కిటికీకి దళసరి తెర, నేలకొక జంపఖానా, గోడనానుకొని బట్టల దండెము ఉన్నను ఆ మొఱటుదనము చాల తగ్గును. కూలరు హోరును మించునట్లు స్పీకరును పెంచుట కంటె, కూలరును దూరముగా జరుపుట మేలు. ధూళిని మెత్తని కుంచెతో దులుపుడు. ట్వీటరు బుడిపెను వ్రేలితో తాకనీయకుడు.

ఎంత గట్టిగా, ఎంతసేపు?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలకు 80 డెసిబెలుల ధ్వని వారమునకు 40 గంటలు, పిల్లలకు 75 డెసిబెలుల ధ్వని 40 గంటలు పరిమితి. 3 డెసిబెలులు పెరిగినచో వినదగిన కాలము సగమగును. స్పీకరు మ్రోగుచుండగా ప్రక్కనున్నవారితో గొంతు పెంచక మాటాడగలిగినచో మీరు మేరలోనే యున్నారనుకొనవచ్చును. గంట కొకసారి పదినిమిషములు అంతయు కట్టివేసి లేచి తిరుగుడు.

చెవిలో హోరు గాని, మాట తెలియకుండుట గాని నిలిచియున్నచో స్పీకరు మార్చి యూరకొనక వైద్యునికి చూపుడు. కొత్త జతకు డబ్బు వెచ్చించుటకు ముందు, ఉన్న స్పీకర్లనే నేడు చెవి యెత్తునకు లేపి, గోడకు దూరముగా జరిపి, ఒక వారము వినిచూడుడు. పాఠము ముగిసిన పిమ్మట మీ యమ్మాయిని ఎట్లున్నదని అడుగుడు. కొనవలసిన యగత్యమున్నదో లేదో ఆమె మాటనుబట్టియే తేలిపోవును.