పొదుపు సుద్దులు సరే.. జలమండలి లెక్క ఏది?

ఎండకాలం రాంగనే పట్నంల రెండు మాటలు వినిపిస్తయి. ‘ట్యాంకర్ బుక్ చేసిన్రా?’ అనేది అపార్ట్‌మెంటోళ్ల మాట. ‘నీళ్లు పొదుపుగ వాడుకోన్రి’ అనేది జలమండలి మాట. నాలుగు వానలు పడంగనే రెండూ బంద్ అయితయి. మల్ల వచ్చే మార్చి దాకా ఎవ్వరికీ యాదికి రావు.

పొదుపు అంటే ఎండకాలం సుద్దులు కాదు. అది ఏడాది పొడుగూత నడవాల్సిన పని. దానికి లెక్క కావాలె. ఎవలు ఎంత వాడుతున్నరు, పైపులల్ల ఎంత పోతున్నది, ఒక లీటరు కొత్తగ తెచ్చుడుకు ఎంత ఖర్చు, ఉన్న లీటరు మిగిలిచ్చుడుకు ఎంత ఖర్చు? ఈ లెక్క ముందటేసుకున్నంకనే ఏ నీళ్ల సంస్థయినా ప్లాన్ గీయాలె.

మన పట్నం కథ వేరే. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. అవి సాలక మంజీరకు, సింగూరుకు పోయినం. ఆ తర్వాత కృష్ణకు, 180 కిలోమీటర్ల పైనుంచి గోదావరికి పోయినం. ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీలు తెచ్చే పని ఎత్తుకున్నరు. నీళ్లు సాల్తలేవంటే ఇంకో పైపులైన్ వేసుడే మనకు తెలిసిన మందు.

ఆ పైపుల వచ్చే నీళ్లు ఊకెనే రావు. నాగార్జునసాగర్ నిండు మట్టం 590 అడుగులు. హైదరాబాద్ 1,700 అడుగుల పైన ఉన్నది. అంటే ఒక్కో బిందెను వెయ్యి అడుగులకు పైగా మోటార్లతోని ఎత్తిపోయాలె. ఆ కరెంటు బిల్లు మనదే. సింగూరు నీళ్లు పట్నానికి పోతుంటే మెతుకుసీమ రైతులు ఏండ్ల తరబడి కొట్లాడిన్రు. మనం నల్లా ఇడిసిపెట్టి కారు కడిగితే పారేది ఎవలదో ఒకల పొలం నీళ్లే.

ఇగ 2021 జనవరిల మొదలైన ఫ్రీ నీళ్ల స్కీమ్ చూడున్రి. ఇంటికి నెలకు 20 వేల లీటర్లు. రోజుకు లెక్కేస్తే 660 లీటర్ల పైచిలుకు. ఐదుగురున్న ఇంట్ల మనిషికి 130 లీటర్ల పైనే వస్తయి. పట్నాలల్ల మనిషికి కావాలని కేంద్రం పెట్టిన లెక్క 135 నుంచి 150 లీటర్లు. అంటే స్కీమ్ తప్పేం కాదు. అవసరమైనంత ఫ్రీ, అంతకు మించితే బిల్లు. నిజానికి ఇది మంచి పొదుపు సూత్రం. సొంత ఇండ్లకు మీటర్ ఉండాలని షరతు కూడ పెట్టిన్రు.

ఆ సూత్రం ఆగిపోయేది అపార్ట్‌మెంట్ గేటు కాడ. అక్కడ బిల్డింగ్ మొత్తానికి ఒక్కటే మీటర్. వచ్చిన బిల్లును ఫ్లాట్లు పంచుకుంటయి. ఒకలు బకెట్‌తోని స్నానం చేసినా, ఒకలు గంటసేపు షవర్ కింద నిలబడ్డా మెయింటెనెన్స్ ఒక్కటే. పొదుపు చేసినోనికి పైస మిగలదు, పారవోసినోనికి పైస పడదు. ఇసొంటి కాడ హోర్డింగులు పెట్టి ఏం ఫాయిదా? ఫ్లాట్‌కో మీటర్ పెడితే ఆ పని అదే చేస్తది.

వేరే ఊర్లు ఏం చేసినయి? దక్షిణాఫ్రికాల కేప్‌టౌన్ 2018ల నల్లాలు బంద్ పెట్టే దాకా పోయింది. ఫిబ్రవరి నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నరు. ఎక్కువ వాడినోళ్లకు రేట్లు పెంచిన్రు, పైపులల్ల ప్రెషర్ తగ్గించిన్రు. రోజుకు 120 కోట్ల లీటర్లు తాగిన ఊరు 50 కోట్లకు దిగొచ్చింది. బెంగళూరు 2024 మార్చిల తాగే నీళ్లతోని కార్లు కడిగితే, తోటలకు పెడితే 5 వేల ఫైన్ అన్నది. నల్లాలకు ఏరేటర్లు బిగించాలన్నది. కానీ రెండు ఊర్లూ గండం మీదికొచ్చినంకనే కదిలినయి. ఇంకో ముచ్చట ఉన్నది. వాడకం తగ్గితే నీళ్ల సంస్థకు ఆమ్దానీ కూడ తగ్గుతది. కేప్‌టౌన్‌కు అదే అయింది. ఆ లోటు ఎట్ల పూడ్చాలెనో ముందుగాల్నే అనుకోకపోతే పొదుపు ముచ్చట ఏ సంస్థా మనసుతోని ఎత్తుకోదు.

జలమండలి ముందుగాల తన ఇల్లు సక్కబెట్టుకోవాలె. పగిలిన పైపు పొద్దుగాల నుంచి పారుతుంటే ‘బ్రష్ చేసేటప్పుడు నల్లా బంద్ చెయ్యిన్రి’ అంటే జనం నవ్వుతరు. ఏరియావారీగ మీటర్లు పెట్టి ఎంత ఇడిసిన్రు, ఎంత చేరింది అని నెలనెలా బయట పెట్టాలె. మురుగునీళ్ల శుద్ధికి కోట్లు పెట్టి ప్లాంట్లు కడుతున్నరు. ఆ నీళ్లను పార్కులకు, బిల్డింగ్ పనులకు, కంపెనీలకు మళ్లియ్యాలె. ఇంకుడుగుంత కాయితం మీద కాదు, నేల మీద ఉన్నదా చూడాలె.

బస్తీల ఆడోళ్లకు పొదుపు ఎవలూ నేర్పక్కర్లేదు. రోజు ఇడిసి రోజు వచ్చే నల్లాకాడ బిందెలు పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు చెట్లకు పోసేటోళ్లు వాళ్లు. పొదుపు ప్లాన్ వాళ్ల బిందె కాడ కాదు, పెద్ద సంపుల కాడ, పగిలిన పైపుల కాడ మొదలుపెట్టాలె. ఇంకో నదికాడికి పోయేముందు ఆ లెక్క జనం ముందట పెట్టున్రి.