నిచ్చెన మెట్టు

ఆంగ్లపాఠములో ‘రంగ్’ అను మాట వచ్చినపుడు ఉపాధ్యాయుడు ‘నిచ్చెన మెట్టు’ అని అర్థము చెప్పి ముందుకు సాగిపోవును. అర్థము తప్పు కాదు. కాని ఒకే వస్తువును ఇరువురు రెండు వైపులనుండి చూచి పెట్టిన పేర్లివి. ఆంగ్లేయుడు కర్రను చూచెను. తెలుగువాడు కాలిని చూచెను.

ప్రాచీనాంగ్లములో ఆ పదము ‘హ్రుంగ్’. కర్ర, దండము, అడ్డముగా బిగించిన కమ్మి అని దాని అర్థము. జర్మను భాషలోని ‘రుంగె’ బండి ప్రక్కన నాటు గుంజకు పేరు. స్కాట్లండువారి నోట అదే మాటకు దుడ్డుకర్ర అని అర్థము. కుర్చీకాళ్ళ నడుమనుండు అడ్డకర్రను ఆంగ్లమున నేటికిని ‘రంగ్’ అనియే అందురు. నిచ్చెనలోని కర్రపై కాలు మోపుదురు గనుక క్రమముగా ఆ కర్రయే మెట్టైనది. చాసరు కవి నాటికి, అనగా 14వ శతాబ్దికి, ఈ అర్థము వాడుకలోనికి వచ్చియున్నది. గంట మ్రోగుటను తెలుపు ‘రింగ్’ క్రియకు ఏర్పడిన ‘రంగ్’ వేరు. దీనికిని దానికిని చుట్టరికము లేదు. మన పిల్లల చెవికి ఈ రెండును ఎరుపు, పసుపుల సరసన చేరు రంగుగా వినబడినచో వారిని కోపించి ప్రయోజనము లేదు.

మన ‘మెట్టు’ అచ్చతెలుగు. మెట్టుట యనగా అడుగు పెట్టుట, త్రొక్కుట. కాలు మోపు తావు గనుక అది మెట్టు. వధువు అడుగు పెట్టిన ఇల్లు మెట్టినిల్లు. వీణకు 24 మెట్లు. అచ్చట మెట్టునది పాదము కాదు, వ్రేలు. చీరాల ప్రాంతపు విద్యార్థికి మెట్టపొలము కూడ వెంటనే స్ఫురించును. పర్చూరు, మార్టూరు వైపున ప్రత్తియు మిరపయు పండు నేలలు వానికి తెలియనివి కావు. కాని తొందరపడరాదు. బరో, ఎమెనో పండితులు తమ ద్రావిడ వ్యుత్పత్తి కోశములో త్రొక్కుట అను మెట్టును, ఎత్తైన నేల అను మెట్టను వేరువేరు పదములుగా చూపిరి. ధ్వని కలిసినంతమాత్రమున వంశము కలియదు.

ధ్వని కలియకున్నను వంశము కలియుటయు కలదు. నిశ్రేణి ప్రకృతి, నిచ్చెన వికృతి అని బడిలో అందరును వల్లించినదే. ప్రాకృతములో ‘నిస్సేణి’యై అది మనకు చేరినది. శ్రేణి శబ్దమునకు మూలముగా చెప్పు ‘శ్రి’ ధాతువునకు ఆనుట, ఆశ్రయించుట అని అర్థము. మనము నిచ్చెనను గోడకు ‘చేరవేయుదుము’ గదా! ఆంగ్లమందలి ‘లాడర్’ కూడ ఒరగుట అను అర్థముగల సోదర ధాతువునుండి పుట్టినదే. గ్రీకులో నిచ్చెనకు పేరైన ‘క్లీమాక్స్’ మరియొక సోదరి. సినిమా చివరి ఘట్టమును క్లైమాక్సు అను ప్రేక్షకుడు తెలియకయే నిచ్చెన పేరు పలుకుచున్నాడు. ఇన్ని దేశములు తిరిగిన నిచ్చెనకు మెట్టు మాత్రము మన ఇంటిదే.

ఇది పండితుల వినోదముగా మిగిలిపోరాదు. చీరాల చేనేతకు పేరుపడిన ఊరు. గుంటమగ్గము ముందు కూర్చున్న నేతగాని పాదములు క్రిందనున్న చెక్కలను మార్చి మార్చి త్రొక్కుచుండును. ఆ చెక్కలకు, త్రాళ్ళకు, కర్రలకు, ముడులకు వేరువేరు పేర్లు కలవు. ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి అట్టి మాటలను ఊరూర సేకరింపజేసెను. ఆయన సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి మాండలిక వృత్తిపదకోశమును వెలువరించినది. 1962లో వచ్చిన మొదటి సంపుటము వ్యవసాయమునకు, 1971లో వచ్చిన రెండవది చేనేతకు సంబంధించినవి. తరువాత మగ్గములు తగ్గినవి. మగ్గము విరిచి అటకపై పెట్టిన ఇంట పుట్టిన బిడ్డకు ఆ పేర్లు చెప్పువారెవరు? చెప్పువారున్నను, ఆ మాట తరగతిలో పలికిన బాలుని ‘అది మోటుమాట, గ్రంథములో నున్నది వ్రాయుము’ అని సవరించినచో వాడు రెండవమారు పలుకునా?

అంబేద్కరు చెప్పిన అంతరాల అసమానతను తెలుగువారు ‘నిచ్చెనమెట్ల కులవ్యవస్థ’ అని వ్యవహరించుచున్నారు. మాటలకును బడిలో అట్టి మెట్లే ఏర్పడినవి. ఆంగ్లపదము పై మెట్టున, సంస్కృతపదము దాని క్రింద, నేతగాని మాట నేలమీద. ఎవరి మాట నేలనుండునో వారి బిడ్డలు బడిలో మౌనముగా కూర్చుందురు.

పరీక్షకు ‘రంగ్’ అర్థమును తప్పక చెప్పవలసినదే. అటుపిమ్మట ఉపాధ్యాయుడు ఆ పాఠమునకే మరి పది నిమిషములు కేటాయించి, నిచ్చెనలోని అడ్డకర్రను, మగ్గము క్రింది చెక్కను మీ ఇంట ఏమందురని ఒక్కొక్కరిని అడిగి, వచ్చిన సమాధానములను నల్లబల్లపై వ్రాయవచ్చును.