చెట్టెక్కే మెట్లకి చప్పుడు తగ్గించే ముందు బిగువు చూడండి

అమెరికాలో జింకల వేటకెళ్లేవాళ్లు చెట్టెక్కడానికి వాడే పట్టీ మెట్ల వీడియోలు ఈ మధ్య నాకు చాలామంది పంపుతున్నారు. "అన్నా, ఇవి మన చింతచెట్లకి పనికొస్తాయా? మనమే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చా?" అని అడుగుతున్నారు. పనికొస్తాయి, కానీ అన్ని చెట్లకీ కాదు, ఆ వీడియోల్లో చూపించినట్టు మార్పులన్నీ చేసి కాదు. దీని మీద నా అభిప్రాయం కొంచెం వివరంగా రాస్తున్నాను. కట్టే విధానం వీడియోలో చూడండి. ఎందుకు అలా కట్టాలి అనేది మాత్రం ఇక్కడ చదవండి.

ముందు ఆ వస్తువు ఏంటో చెప్పుకుందాం. అడుగున్నర నుంచి రెండడుగుల పొడవున్న అల్యూమినియం గొట్టం. దానికి కిందా పైనా పాదం పెట్టే మెట్లు. వెనక చెట్టుకి ఆనే చోట పళ్లలాంటి కొక్కేలు. గొట్టాన్ని చెట్టుకి ఆనించి, పట్టీని చెట్టు చుట్టూ తిప్పి, బకిల్‌తో బిగిస్తారు. ఒకటి కట్టి, దానిమీద నిలబడి, పైన ఇంకొకటి. అలా మూడు నాలుగు ముక్కలతో 15, 20 అడుగులు ఎక్కేస్తారు. దిగేటప్పుడు ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చేస్తారు. చెట్టు మీద ఏమీ మిగలదు.

అక్కడ విల్లుతో వేటాడేవాళ్లు తెల్లతోక జింకకి చాలా దగ్గరగా ఉంటే గానీ బాణం వేయలేరు. తెల్లవారుజామున చలిగాలిలో అల్యూమినియం మెట్టు ఇంకో మెట్టుకి తగిలి టింగుమంటే ఇక ఆ రోజు పని అయిపోయినట్టే. అందుకని వాళ్లు గొట్టాలకి మెత్తటి ఫెల్టు అంటిస్తారు, తాడు చుడతారు, ఇనుప బకిల్ తీసేసి దాని స్థానంలో తాడు పెడతారు. వాళ్ల అవసరం అది. అక్కడ లైసెన్సు ఉంది, సీజను ఉంది.

మన దగ్గర వేట సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి జంతువుని వేటాడటం నేరం. అడవిపంది పంట తినేసిందని మనంతట మనం చంపేయడానికి కుదరదు, అనుమతి ఉండాలి. కాబట్టి ఈ మెట్లు కట్టుకుని రాత్రిపూట కాపు కాద్దాం అనుకునేవాళ్లకి నా దగ్గర సలహా ఏమీ లేదు. పంటకి కాపలా అంటే మన మంచె ఉంది, మంచె మీద కూర్చున్నోడికి చప్పుడు చెయ్యడమే పని.

నేను ఈ మెట్ల గురించి రాసేది చింత దులిపేవాళ్ల కోసం, వేపగింజ, కొబ్బరి, తేనె కోసం చెట్టెక్కేవాళ్ల కోసం.

ఆ దేశంలో వేటగాళ్లు మేకులు, మర మెట్లు వదిలి పట్టీకి మారడానికి చప్పుడొక్కటే కారణం కాదు. మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమిలో చెట్టు బెరడు దాటి లోపలికి దిగే మెట్లు, మేకులు నిషేధం. బెరడు కింద ఉండే పలచటి పొర, మనం డిప్లొమాలో కేంబియం అని చదువుకున్నది, దెబ్బతినకూడదని. ఇనుము లోపల ఉండిపోతే రేపు ఆ దుంగ కోసేటప్పుడు రంపం పాడవుతుంది కూడా. ఒక వేటగాడికి ఉన్న ఈ జాగ్రత్త, రోజూ జీవామృతం పోసి చెట్టుని పిల్లాడిలా సాకే మనకి ఉందా అని నా ప్రశ్న. చింతచెట్టుకి అరడజను పాత మేకులు, కొబ్బరి చెట్టుకి కిందనుంచి పైదాకా కత్తి గాట్లు. ఏ ఊరెళ్లినా కనిపిస్తాయి.

కొబ్బరి గాట్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. మామిడి, చింత, వేప లాంటి చెట్లకి గాయమైతే కేంబియం పెరిగి చుట్టూ అంచు కట్టి మెల్లగా మూసుకుంటుంది. కొబ్బరి, తాటి, పోకకి ఆ పొర లేదు. ఇవి ఏకదళ బీజాలు. గాటు పెడితే అది ఇక జీవితాంతం గాటే. చెట్టు 60 ఏళ్లు బతికితే 60 ఏళ్లూ తెరుచుకున్న పుండు అన్నమాట. ఎర్రముక్కు పురుగు గుడ్లు పెట్టడానికి అలాంటి గాయాలనే వెతుక్కుంటుంది. కాండం నుంచి ఎర్రటి రసం కారే తెగులుకి కూడా గాయాలే దారి. ఎక్కడానికి సులువని గాటు పెట్టి, తర్వాత పురుగు పట్టిందని వేపపిండి, కషాయాలు మోస్తున్నాం.

ఇప్పుడు చప్పుడు దగ్గరికి వద్దాం. వేటగాళ్ల వీడియోలు చూసి మనవాళ్లు తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే.

పట్టీ మెట్టులో చప్పుళ్లు రెండు రకాలు. ఒకటి మోసుకెళ్లేటప్పుడు ఇనుముకి ఇనుము తగిలే చప్పుడు. దీనికి సైకిల్ ట్యూబు ముక్క చాలు. పాత ట్యూబు కోసి గొట్టానికి తొడిగేస్తే మోత పోతుంది, చెయ్యి పెట్టిన చోట ఎండకి కాలదు కూడా. పాదం పెట్టే చోట మాత్రం ట్యూబు వద్దు, తడిస్తే నున్నగా జారుతుంది. అక్కడ సన్నటి కొబ్బరిపీచు తాడు దగ్గర దగ్గరగా చుట్టండి. వట్టి కాలికి కూడా పట్టు దొరుకుతుంది, మంచులోనూ జారదు.

రెండోది, మనిషి బరువు పడినప్పుడు వచ్చే కిర్రు, టక్కు. ఇది వేరే సంగతి. ట్రాక్టరు ట్రాలీ పిన్ను అరిగితే గడగడమంటుంది కదా. ఆ గడగడ వినపడకుండా గోనెగుడ్డ కుక్కితే పిన్ను బాగుపడినట్టా? మెట్టు కూడా అంతే. బరువు వేసినప్పుడు చప్పుడొచ్చిందంటే ఎక్కడో కదలిక ఉంది. పట్టీ లూజయింది, బోల్టు వదులైంది, వెల్డింగు దగ్గర చీలిక పడింది, లేదా కొక్కెం బెరడు మీద సరిగ్గా కూర్చోలేదు. ఆ చప్పుడు మనకి హెచ్చరిక. దాన్ని రబ్బరు పెట్టి మూసేస్తే హెచ్చరికని మూసేసినట్టే. ముందు కదలిక తియ్యండి. కదలిక పోతే చప్పుడు దానంతటదే పోతుంది. అప్పటికీ మిగిలితే అప్పుడు మెత్త గురించి ఆలోచించొచ్చు.

చెట్టుకి ఆనే కొక్కేల మీద మాత్రం దేన్నీ చుట్టొద్దు. బెరడుకి దెబ్బ తగులుతుందేమోనని రబ్బరు ముక్క పెడుతున్నారు కొందరు. మంచి మనసే, కానీ మెట్టుకి పట్టు ఆ పళ్ల వల్లే వస్తుంది. చింత, వేప చెట్లకి బెరడు మందం, ఆ పళ్లు పైపొర మీదే ఆగుతాయి. బెరడు పలచగా ఉండే లేత చెట్టు మీద మెట్టు కట్టాల్సిన పనే లేదు, దానికి నిచ్చెన చాలు.

చప్పుడు తగ్గడం మనకి నిజంగా అవసరమయ్యే చోటు ఒకటుంది, తేనె. పెద్ద తేనెటీగల పట్టు ఉన్న చెట్టుకి ఇనుము టకటకా కొడితే ఆ అదురు కొమ్మ వెంబడి పట్టు దాకా పోతుంది. ఈగలకి గాలిలో చప్పుడు కంటే ఈ అదురే బాగా తెలుస్తుంది. తాటి మట్టల్లో కందిరీగల తుట్టెకీ ఇదే లెక్క. అందుకే పట్టు ఉన్న చెట్టుకి బకిల్ కొట్టుకోని తాడు ముడి పద్ధతి మంచిది. కానీ ఆ పని తెలిసినవాళ్లే చెయ్యాలి, మెట్లు ఉన్నాయి కదా అని కొత్తవాళ్లు ఎక్కొద్దు.

తాడు మార్చే విషయం ఇంకా జాగ్రత్త. అక్కడివాళ్లు వాడేది పాలిథీన్ జాతిలోనే చాలా గట్టి నారతో అల్లిన తాడు. అదే మందం ఇనుప వైరుతో పోటీ పడే బలం ఉంటుంది, కానీ నున్నగా ఉంటుంది, మామూలు ముడి వేస్తే జారుతుంది. వేడికి కూడా తట్టుకోదు, 150 డిగ్రీల లోపే కరుగుతుంది. వాళ్లు దాన్ని ముడి వెయ్యకుండా తాడులోకే తాడు దూర్చి అల్లుతారు. మనవాళ్లు ఆ వీడియో చూసి, ఎరువుల కొట్లో దొరికే నీలం, పసుపు ప్లాస్టిక్ తాడు కట్టేస్తున్నారు. ఆ తాడు ఎండకి ఒక్క వేసవిలోనే పొట్టు లేస్తుంది. ఏ తాడైనా ముడి వేసిన చోట బలం బాగా తగ్గిపోతుంది, కొన్ని ముడుల దగ్గర సగం దాకా. కాబట్టి మెట్టుకి కంపెనీ ఇచ్చిన పట్టీ ఉంటే దాన్నే ఉంచండి. అక్కడ దొరికే చాలా మెట్ల మీద 300 పౌండ్లు, అంటే సుమారు 136 కిలోలు అని రాసి ఉంటుంది. ఆ లెక్క కంపెనీ పట్టీతో, కంపెనీ బోల్టుతో. మనం ఒక రంధ్రం అదనంగా వేశామంటే ఆ అంకెకి విలువ లేదు.

పని అయ్యాక పట్టీలు విప్పేయాలి. బద్ధకించి సీజనంతా వదిలేస్తే చింత, మామిడి లాంటి చెట్లు లావెక్కేటప్పుడు పట్టీ బెరడులోకి కోసుకుపోతుంది, ఆకుల నుంచి వేర్లకి ఆహారం దిగే దారి అక్కడే నొక్కుకుపోతుంది. కొబ్బరికి ఆ బాధ లేదు, కానీ ఎండకి పట్టీ పాడవుతుంది. ఉడతలు కొరుకుతాయి. ఇంటికి తెచ్చి విత్తనాల గదిలో పెడితే ఎలుకలు. ఎక్కే ముందు పట్టీ మొత్తం వేళ్ల మధ్య జారవిడిచి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

ఈ మెట్లు పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. అరకు, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ మీదకి మిరియాల తీగ పాకిస్తారు కదా, అక్కడ వద్దు. తీగ మీదే పట్టీ పడుతుంది, తీగ నలుగుతుంది, కొక్కేనికి చెట్టు దొరకదు. ఆ అన్నలు వాడే ఒంటి వెదురు నిచ్చెనే దానికి సరైనది, కాకపోతే పైన చెట్టుకి ఒక కట్టు వెయ్యాలి. తాటిచెట్టుకీ నేను వద్దనే అంటాను. రోజుకి ఎన్నో చెట్లు ఎక్కి దిగే గీత కార్మికుడికి ముక్కలు ముక్కలుగా కట్టుకునే ఓపిక, టైము ఎక్కడివి? మోకు, ముస్తాదు తరతరాలుగా నిలబడింది ఊరికే కాదు. లోటల్లా ఒక్కటే, మోకు జారితే ఆపే రెండో తాడు లేదు. తెలంగాణలో 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఆ లోటు కోసమే వచ్చాయి. అలాంటిది ఆంధ్రాలో దింపు కార్మికులకి, చింత దులిపేవాళ్లకి కూడా రావాలి.

కొబ్బరికి అయితే కేరళ వాళ్ల దారి మేలు. కన్నూరు జిల్లా చెంబేరికి చెందిన జోసెఫ్ గారు తయారుచేసిన రెండు పెడళ్ల యంత్రం చెట్టుకి ఒక్క గాటు పెట్టదు. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యువతకి దానిమీద శిక్షణ మొదలుపెట్టింది, ఆడవాళ్లు కూడా నేర్చుకుని ఎక్కుతున్నారు. మన కోనసీమలో దింపుకి మనుషులు దొరకట్లేదని ఏడవడం మాని నేర్పించే పని చూడాలి.

ఇక అసలు విషయం. మెట్టు ఎంత మంచిదైనా మనిషిని ఆపదు. ఆపేది తాడు. అమెరికాలో జాగ్రత్తపరుడైన వేటగాడు నేల మీద కాలు ఉన్నప్పుడే నడుముకి తాడు తగిలించుకుంటాడు, మళ్లీ నేల మీదకి వచ్చాకే తీస్తాడు. మన దగ్గర ఐఎస్ 3521 ముద్ర ఉన్న ఫుల్ బాడీ బెల్టులు బిల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతున్నాయి. వట్టి నడుము బెల్టు కంటే ఇదే కొనండి, పడినప్పుడు నడుం మీదే మొత్తం ఊపు పడదు. బెల్టుతో వేలాడినా ఎక్కువసేపు వదిలేయకూడదు, కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. అందుకే కింద ఇంకో మనిషి ఉండాలి, దింపే పద్ధతి ముందే అనుకుని ఉండాలి.

బెల్టు ఎవరు కొనాలి? "ఎక్కేవాడే కొనుక్కుంటాడు" అంటారు మన రైతులు. నేను ఒప్పుకోను. నేను రైతునే, చింతపండు, వేపగింజ కొని అమ్మేవాణ్ణి కూడా. ప్యాకెట్ మీద రసాయనాలు లేనిదని రాసి నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాం. ఆ నాలుగులోంచి చెట్టెక్కిన మనిషి బెల్టుకి అర్ధరూపాయి తియ్యలేమా? కూలోడికి ఒక్కరోజు కూలి మిగుల్చుకోవడానికే కష్టం, అతను బెల్టు ఎప్పుడు కొంటాడు? సరుకు ఎవరు కొంటున్నారో, చెట్టు ఎవరిదో, వాళ్లిద్దరూ కలిసి పెట్టుకోవాలి. దీనివల్ల కిలోకి రేటు కాస్త పెరుగుతుంది, కస్టమర్లు అడుగుతారు, చెప్పండి. నేను చెప్పినంతవరకూ ఎవరూ కాదనలేదు, ఇద్దరు తప్ప.

వచ్చే మాఘం, ఫాల్గుణం చింత దులుపుడికి మా షెడ్డులో నాలుగు సెట్ల మెట్లు, ఆరు బెల్టులు ఉంటాయి. చుట్టుపక్కల రైతులు అద్దె లేకుండా తీసుకెళ్లొచ్చు. ఎక్కే మనిషితో పాటు కింద నిలబడే మనిషిని కూడా వెంటబెట్టుకుని రండి, ఇద్దరికీ ఒక పూట నేర్పించి పంపుతాను. ఒక్కరే వస్తే మాత్రం ఇవ్వను.