ఆటలో అరటిపండు

పిల్లలూ! మీరు దాగుడుమూతలు ఆడబోతుంటే మీ అమ్మ చిన్న తమ్ముణ్ణి కూడా వెంట పంపి, "వీణ్ణి కూడా ఆడించుకోండర్రా!" అంటుంది గదా. అప్పుడు మీరేం చేస్తారు? "సరే, వీడు ఆటలో అరటిపండు," అంటారు. అంటే వాడు మీతోపాటు దాక్కుంటాడు, పరిగెత్తుతాడు, కేకలు వేస్తాడు. కాని దొరికినా దొంగ కాడు. ఈ ఏర్పాటు మీకు ఏ పంతులూ నేర్పలేదు. మీరూ, మీకన్న ముందు మీ తాతలూ కల్పించుకున్నదే. చాలా మంచి ఏర్పాటు. బళ్ళో డ్రిల్లు పీరియడు వచ్చేసరికి మాత్రం మనం దీన్ని మరిచిపోతాం.

ఎట్లాగంటారా? కుర్చీలాట సంగతి చూడండి. 20 మంది పిల్లలున్నారనుకోండి. 19 కుర్చీలు వేస్తారు. (కుర్చీలు లేని బళ్ళో నేలమీద సుద్దతో సున్నాలు చుట్టినా సరిపోతుంది.) పాట ఆగగానే అందరూ కూర్చోవాలి. చోటు దొరకనివాడు అవుటు. మళ్ళీ ఒక కుర్చీ తీసేస్తారు. ఒక్కొక్క చుట్టుకు అరనిమిషం పడుతుందనుకుందాం. అందరికన్న ముందు అవుటయేది ఎవరు? నెమ్మదిగా నడిచే పిల్లో, నెట్టుకోవటం చేతకాని పిల్లవాడో. వాడు ఆడింది అరనిమిషం. ఆట ముగిసేది తొమ్మిదిన్నర నిమిషాలకు. మిగతా 9 నిమిషాలూ వాడు గోడవారగా కూర్చుని చూస్తాడు. గెలిచినవాడో, మొదటినుంచీ చురుకైనవాడే! ఆకలిగా ఉన్నవాడి విస్తరి ముందుగా తీసేసి, కడుపు నిండినవాడికి మారు వడ్డించినట్టున్నది.

లెక్కలంటే ఇష్టమైనవాళ్ళు పలకమీద ఇంకొక సంగతి చూడండి. 20 మందీ చివరిదాకా ఆడితే మొత్తం 190 నిమిషాల ఆట అవుతుంది. ఈ పద్ధతిలో అందరూ కలిసి ఆడింది 104½ నిమిషాలే. దాదాపు సగం ఆట గోడవార పోయింది!

నేను పనిచేసిన ఒక పల్లెటూరి బళ్ళో, మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. కొంచెం బొద్దుగా ఉండేది. ఏ ఆట పెట్టినా ముందుగా అవుటయేది. కొన్నాళ్ళు పోయాక నేనొకటి గమనించాను: ఆ పిల్ల కావాలనే అవుటవుతున్నది. ఆట మొదలవగానే పట్టుకునేవాడికి ఎదురుగా వెళ్ళి నిలబడేది. అవుటయి, నేరుగా వేపచెట్టు కిందికి పోయి కూర్చునేది. ఎట్లాగూ తప్పనిదాన్ని నలుగురూ నవ్వకముందే కానిచ్చేసి తప్పుకునే ఉపాయం అది. ఎనిమిదేళ్ళ పిల్ల కనిపెట్టింది!

ఆ తరగతి పంతులమ్మగారూ నేనూ మాట్లాడుకుని, అవుటు లేని ఆటలు మొదలుపెట్టించాము. మొదట గొలుసాట. ఒకరు దొంగ. దొంగ ఎవరిని ముట్టుకుంటే వాళ్ళు దొంగ చెయ్యి పట్టుకోవాలి; ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి పట్టాలి; ముగ్గురూ కలిసి నాలుగోవాణ్ణి. చివరకు తరగతంతా ఒకే గొలుసవుతుంది. ఇందులో ముందుగా దొరికినవాళ్ళే గొలుసులో ఎక్కువసేపు పరిగెత్తుతారు. గొలుసు తెగితే ముట్టుకున్నది చెల్లదు, కాబట్టి ఎంత చురుకైనవాడయినా పక్కవాళ్ళ పరుగు చూసుకోక తప్పదు. ఒక పదిరోజులపాటు ఆ పిల్ల వేపచెట్టుకేసి చూస్తూనే ఆడింది. నెల తిరిగేసరికి, పిల్లకు మోకాలు చెక్కుకుపోయిందని వాళ్ళమ్మ బడిమీదికి దెబ్బలాటకు వచ్చింది. ఆవిడను కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, నచ్చచెప్పి పంపించాము. నాకు మాత్రం ఆనాడు పట్టరాని సంతోషమయింది.

ఇంతకూ కూర్చుని చూస్తే వచ్చిన నష్టమేమిటి? మీరే పరీక్ష చేసి చూడండి. మణికట్టు దగ్గిర, బొటనవేలి వైపున, రెండు వేళ్ళు ఆనిస్తే నాడి తెలుస్తుంది. 15 సెకండ్లు లెక్కపెట్టి, దాన్ని నాలుగుతో హెచ్చవేయండి. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు మీ యీడు పిల్లల గుండె నిమిషానికి సుమారు 70 నుంచి 110 సార్లు కొట్టుకుంటుంది. ఇప్పుడు రెండు నిమిషాలు గట్టిగా పరిగెత్తి వచ్చి, వెంటనే మళ్ళీ చూడండి. 150 దాటినా ఆశ్చర్యపోకండి. పరిగెత్తే కాళ్ళలోని కండరాలకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. దాన్ని మోసుకుపోయేది నెత్తురు. నెత్తురును తోసేది గుండె. గుండె కూడా ఒక కండరమే. పని చెబితేనే దానికి బలం వస్తుంది. ఎముకలూ అంతే. గెంతినప్పుడూ, దూకినప్పుడూ వాటిమీద పడే బరువుకు తట్టుకునేందుకు అవి గట్టిపడతాయి. ఈ గట్టిపడటం ఎక్కువగా జరిగేది ఎదిగే వయసులోనే. ఆట చూసేవాడికి ఇదేదీ జరగదు. పక్కింటివాడు భోంచేస్తే మన కడుపు నిండుతుందా?

అవుటవటం లేకపోతే ఆటకు రుచేముంటుందని మీలో కొందరు అనవచ్చు. నిజమే. అందుకు మన చెడుగుడే జవాబు చెబుతుంది. పాతరోజుల నుంచీ దీన్ని మూడు తీరులుగా ఆడేవారు. 'గామిని' పద్ధతిలో అవుటయినవాడు తన జట్టంతా అవుటయేదాకా బయటే ఉండాలి. 'అమర్' పద్ధతిలో అవుటయినా బరిలోనే ఉంటాడు; ఎదటి జట్టుకు పాయింటు మాత్రం పోతుంది. మూడోది 'సంజీవని'. మీ జట్టు ఎదటివాళ్ళలో ఒకణ్ణి అవుట్ చేస్తే, బయట ఉన్న మీవాడొకడు తిరిగి లోపలికి వస్తాడు. పల్లెల్లో పిల్లలు 'చచ్చాడు', 'బతికాడు' అనేది దీన్నే. లక్ష్మణుణ్ణి బతికించిన మూలిక పేరు ఆటకు పెట్టినవాడెవరో గాని, గట్టివాడే! ఈనాడు పెద్ద పోటీల్లో ఏడుగురేసి ఆడే కబడ్డీ కూడా ఈ సంజీవని నియమంతోనే నడుస్తున్నది. ముందు అవుటయినవాడే ముందు తిరిగివస్తాడు.

ఈ మూలికను మీ ఆటలన్నిటికీ పూయవచ్చు. అవుటయినవాడు పది గుంజీళ్ళు తీసి మళ్ళీ లోపలికి రావచ్చు. కుర్చీలాటలో కుర్చీలు తీసేయండి, పిల్లల్ని తీసేయకండి. మిగిలిన చోటులోనే అందరూ సర్దుకుని కూర్చోవాలి. ఖోఖోలో వరసగా కూర్చున్న ఎనిమిదిమందీ ఆటలో ఉన్నవాళ్ళే గదా. ఎవరి వీపున 'ఖో' పడితే వాళ్ళు లేచి ఉరకాలి. కాలు సరిగా లేని పిల్లవాడుంటే, ఆ ఒక్కడికీ గీత దగ్గిరగా గీయండి. ఊరికే అంకెలు లెక్కపెట్టే పని అప్పగించకండి. తమ్ముడు ఒక ఏడాది అరటిపండుగా ఉంటే ముద్దు; నాలుగో తరగతిలో కూడా అరటిపండే అయితే వాడికి ఏడుపు వస్తుంది.

ఇక పెద్దలతో ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలన్నది. వ్యాయామం నేర్పే ప్రత్యేక బోధకుణ్ణి మాత్రం, వందమందికి మించి పిల్లలున్న చోట, ఆరు నుంచి ఎనిమిది తరగతులకే చెప్పింది. చిన్న తరగతులకు చాలా చోట్ల పాఠం చెప్పే పంతులే డ్రిల్లు మేష్టరు కూడా. పరీక్షలు దగ్గిరపడగానే ఆయన చేతికి మొదట దొరికేది డ్రిల్లు పీరియడే. ఆయన్ను అనుకుని లాభం లేదు; "మావాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయేం?" అని అడిగే తండ్రులున్నారు గాని, "మావాడు ఈ వారం ఎంతసేపు పరిగెత్తాడు?" అని అడిగినవారు నా ఉద్యోగకాలమంతా వెతికినా ఇద్దరో ముగ్గురో! 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలయినా ఒళ్ళు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చదువు సమయంలో కొంత తీసి వ్యాయామానికి ఇచ్చినంతమాత్రాన మార్కులు తగ్గవని చాలా పరిశోధనల్లో తేలింది కూడా. ఈసారి బడికి వెళ్ళినప్పుడు ఆ రెండో ప్రశ్న అడిగి చూడండి.

పిల్లలూ, మీకూ ఒక పని ఉన్నది. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగి, వాళ్ళ చిన్నతనంలో అవుటయినవాళ్ళు మళ్ళీ ఆటలోకి వచ్చే ఆట ఏదయినా ఉంటే, దాని పేరూ, ఆడే తీరూ నాకు రాసి పంపండి. ఒకే ఆటకు ఊరికొక పేరుంటుంది, కాబట్టి మీ ఊరి పేరు రాయటం మరిచిపోకండి.